గట్టిగ కాదు, సరిగ్గ

మన దిక్కు బోల్టు బిగించడానికి ఒకటే కొలత ఉంది. దాని పేరు "గట్టిగ". సైకిల్ హ్యాండిల్ అయినా, బావి మోటర్ అయినా, కారు ఇంజన్ అయినా అదే కొలత. అనుమానం ఉంటే "ఇంకొంచెం గట్టిగ". పానాకి ఒక ఇనుప గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజితే పని అయిపోయినట్టే లెక్క. నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, ఆ కొలత తప్పు. ఆ తప్పుకి మనం రోజూ డబ్బులు కడుతున్నాం. దాన్ని సరిచేసే పనిలో సగం మెకానిక్‌ది, మిగతా సగం మనది. మనది అంటే ఇంగ్లీష్ చదవడం వచ్చిన మనలాంటి స్టూడెంట్లది.

సాహిత్య క్లబ్ మ్యాగజైన్‌లో ఈ నట్లు బోల్టుల గోలేంది అని స్క్రోల్ చేసి పోకండి. కొంచెం ఓపిక పడితే ఇది తెలుగు గురించే అని మీకే తెలుస్తది. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, మెకానికల్ కాదు. మాది వేములవాడ. మా నాన్న టాక్సీ నడుపుతాడు. రాజన్న దర్శనానికి వచ్చిన వాళ్ళని కొండగట్టుకి, అక్కడి నుంచి ధర్మపురికి తిప్పి తెచ్చేది ఆయన పని. కాబట్టి ఇంజన్ ఆగితే మా ఇంట్లో ఏం ఆగుతదో నాకు బాగా తెలుసు.

ముందు బోల్టు ఏం చేస్తదో చూద్దాం.

బోల్టుని బిగిస్తుంటే అది కొద్దిగా సాగుతుంది, కంటికి కనపడనంత. సాగిన రబ్బరు బ్యాండు వెనక్కి గుంజినట్టు, సాగిన బోల్టు కూడా రెండు ముక్కల్ని దగ్గరికి గుంజి పట్టుకుంటది. ఆ పట్టే దాని అసలు పని. తక్కువ సాగితే పట్టు చాలదు, ఊపుకి నట్టు మెల్లమెల్లగా తిరిగి బయటికి వస్తది. మరీ ఎక్కువ సాగితే స్ప్రింగు గుణం పోయి అట్లనే పొడుగ్గా ఉండిపోతది, ఇంకా లాగితే తెగుతది. ఈ రెండిటి మధ్య ఉన్న జాగాని వాహనం తయారు చేసినోళ్ళు ఒక నంబర్‌గా రాసి ఇస్తారు. అదే టార్క్.

ఊపుకి బోల్టులు వదులవుతాయని సిరిసిల్ల వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. సాంచాలు నడిచే కార్ఖానాలో ఒక్క గంట నిలబడితే చాలు, పానా చేతిలో లేకుండా ఆ పని నడవదని తెలిసిపోతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ దీన్ని మిషన్ మీద పరీక్షించి చూపించాడు. బిగించిన ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జరగడం మొదలైతే, బోల్టు తనంతట తానే తిరిగి వదులైపోతుంది. పట్టు సరిపోయేంత ఉంటే ముక్కలు జరగవు, ముక్కలు జరగకపోతే బోల్టు తిరగదు. వాషర్లు, లాక్ నట్లు అన్నీ తర్వాత సంగతి.

టార్క్ అంటే తిప్పే బలం. ఎంత బరువు, ఎంత దూరం నుంచి అన్నదాని లెక్క. దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మనం ఇంటర్‌లో చదివి మర్చిపోయింది ఇదే. నేను దీన్ని మా ఇంట్లో నీళ్ళ క్యాన్‌తో గుర్తు పెట్టుకున్నా. 20 లీటర్ల క్యాన్ బరువు సుమారు 20 కిలోలు. పావు మీటర్ పొడవు పానా అడ్డంగా పెట్టి, దాని కొసకి ఆ క్యాన్ వేలాడదీస్తే బోల్టు మీద పడేది దాదాపు 50 న్యూటన్ మీటర్లు. అదే క్యాన్ అర మీటర్ రాడ్డు కొసకి వేలాడదీస్తే 100. చిన్న కార్ల చక్రాల నట్లకి కంపెనీలు చెప్పేది చాలా వరకు ఈ 100 చుట్టుపక్కలే ఉంటది. 6 మిల్లీమీటర్ల చిన్న బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పావు మీటర్ పానా కొసకి నాలుగు కిలోల బియ్యం సంచి. ఇంజన్ పైన మూత బోల్టు మీద మనోళ్ళు ఎంత బలం పెడతారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. 10 మిల్లీమీటర్ల మందం, తల మీద 8.8 అని అచ్చు ఉన్న మామూలు స్టీలు బోల్టు తీసుకోండి. మరలు పొడిగా ఉన్నప్పుడు దానికి 50 న్యూటన్ మీటర్లు పెడితే, అది పట్టుకునే బలం సుమారు 25,000 న్యూటన్లు. అంటే రెండున్నర టన్నులు. ఒక్క బోల్టు, మూడు చిన్న కార్ల బరువంత పట్టు! ఫార్ములా కూడా చిన్నదే. టార్క్‌ని బోల్టు మందంతో భాగించి, మళ్ళీ రాపిడి తాలూకు ఒక సంఖ్యతో భాగించాలి. పొడి బోల్టుకి ఆ సంఖ్య సుమారు 0.2. అదే మరలకి ఆయిల్ రాసి ఉంటే 0.15 దాకా పడిపోవచ్చు. అప్పుడు అదే 50 పెట్టినా పట్టు 33,000 న్యూటన్లు దాటుతుంది. అది ఆ బోల్టు తట్టుకునే హద్దుకి దాదాపు ఆనుకుని ఉంటది. చెయ్యి అదే, పానా అదే, మారింది ఒక చుక్క ఆయిల్ మాత్రమే.

ఇక్కడే "చేతి అంచనా" ఎందుకు సరిపోదో తెలుస్తది. మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీయడానికి మిగిలేది 10 శాతం చుట్టుపక్కల. అంటే చేతికి తెలిసేది ఎక్కువగా రాపిడి, పట్టు కాదు. తుప్పు పట్టిన బోల్టు చేతికి మస్తు టైట్‌గా తగుల్తది, లోపల మాత్రం అది ఏమీ పట్టుకొని ఉండదు. కొత్త బోల్టు వెన్నలాగా తిరుగుతది, ఇంకా బిగియలేదనుకొని గుంజితే చూడీలు ఊడిపోతాయి. చూడీలు అంటే మన షెడ్లలో మరలకి వాడే మాట. పుస్తకం తెలుగు కోసం షెడ్డుకి పోతే ఎవ్వరికీ అర్థం కాదు. ఆ సంగతికి మళ్ళీ వస్తా.

ఇది మా ఇంట్లో ఏం చేసిందో చెప్తా. రెండేండ్ల కింద నాన్న కారు టాప్ విప్పించాల్సి వచ్చింది. హెడ్ కింద ప్యాకింగ్ పోయింది. ఒక షెడ్డులో కొత్త ప్యాకింగ్ వేసి, హెడ్ ఎక్కించి ఇచ్చారు. మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుడు మొదలైంది, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ. మళ్ళీ విప్పితే ఒక కొస బోల్టులు రెండు వదులు, మధ్యలో ఒకదాని చూడీలు అల్యూమినియంతో సహా ఊడొచ్చాయి. శివరాత్రి ముందు వారం అది. వేములవాడలో టాక్సీ నడిపేటోడికి శివరాత్రి అంటే ఏందో నేను చెప్పక్కర్లేదు. ఆ జాతరలో సంపాదించింది ఎండాకాలం దాకా ఇంటిని నడుపుతది. ఆ తొమ్మిది రోజులు మా కారు బండల మీద నిలబడి ఉంది.

తప్పు ఎవరిది అని అడిగితే, మా చుట్టాలంతా ఒక్క మాట మీద "మెకానిక్‌ది" అన్నారు. నాకు అట్ల అనిపించలేదు. ఆ అన్న పాతికేండ్లుగా అదే పని చేస్తున్నాడు. సౌండ్ విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పగలడు. రెండోసారి విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నా. ఫోన్‌లో ఆ ఇంజన్ మాన్యువల్ పీడీఎఫ్ వెతికి పట్టుకున్నా. అందులో ఒక్క పేజీలో మొత్తం ఉంది. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, ఒకదాని ఎదురు ఒకటి బిగించాలి. ఒకేసారి పూర్తిగా కాదు, దఫాలుగా. మొదట ఒక నంబర్ దాకా, తర్వాత అన్నిటినీ 90 డిగ్రీలు తిప్పాలి, మళ్ళీ 90 డిగ్రీలు. పాత బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఎందుకంటే ఈ రకం బోల్టులని కావాలనే హద్దు దాటి సాగదీస్తారు, ఒకసారి సాగినవి రెండోసారి అదే పట్టు ఇయ్యవు.

నేను చదువుతుంటే ఆయన చేతులు తుడుచుకొని దగ్గరికి వచ్చిండు. "తమ్మీ, గిది తెలుగుల లేదా?" అని అడిగిండు. లేదన్నా అని చెప్పిన. "పాత బోల్టులు పారేయాలని ఇన్నేండ్లల్ల ఎవ్వలు చెప్పలే నాకు" అన్నడు. తర్వాత షెడ్డుకి ఎక్కువ వచ్చే బండ్ల పేర్లు ఐదు చెప్పి, వాటివి కూడా చూడమన్నాడు. నేను ఒక్కొక్కటి చెప్తుంటే మార్కర్‌తో గోడ మీద, గణపతి క్యాలెండర్ పక్కన, తెలుగులో రాసుకున్నాడు. ఆయన చేతికి నైపుణ్యం తక్కువ లేదు. ఆయన దగ్గర లేనిది ఒక నంబర్, అది కూడా ఉచితంగా దొరికే నంబర్. దానికి ఆయనకీ మధ్య అడ్డం ఉన్నది ఒక భాష.

మా మేనమామది కోరుట్ల. పన్నెండేండ్లు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇట్లాంటి మామలు, బాపులు, అన్నలు లేని వాడ ఉండదు. ఆయన చెప్పేదేంటంటే, అక్కడ ప్రతి పనికి ఒక కాగితం ఉంటది, బిగించిన ప్రతి ముఖ్యమైన బోల్టుకి ఆ కాగితం మీద నంబర్, పక్కన టిక్కు. టిక్కు లేకపోతే బండి బయటికి పోదు. మామకి ఇంగ్లీష్ రాదు, పక్కన పనిచేసే మలయాళీ ఆయన హిందీలో చెప్తే నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో అత్తకి చీర, పిల్లలకి చాక్లెట్లతో పాటు ఒక టార్క్ రెంచి కూడా తెచ్చుకున్నాడు. ఇక్కడ షెడ్డులో దాన్ని తీస్తే "ఏంది మామా, బోల్టుకి బీపీ చూస్తున్నవా?" అని నవ్వారట. అదే మనిషి, అవే చేతులు. అక్కడ నంబర్‌తో పనిచేశాడు, ఇక్కడ నవ్వించుకున్నాడు. కాబట్టి "మనోళ్ళు ఇంతే, మనోళ్ళకి క్రమశిక్షణ ఉండదు" అనే మాట నేను ఒప్పుకోను. మనుషులు మారలేదు. చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది.

టార్క్ రెంచి చూడనోళ్ళ కోసం చెప్తున్నా. అది పొడుగు పిడి ఉన్న పానా లాంటిది. పిడి తిప్పి కావాల్సిన నంబర్ పెట్టుకుంటాం, ఆ బలం రాగానే టిక్కుమని చప్పుడు చేస్తది. అక్కడ ఆగాలి. టిక్కు తర్వాత "ఇంకొంచెం" అంటే కొన్న డబ్బులు దండగ. బోల్టులు విప్పడానికి దాన్ని వాడొద్దు. పని అయ్యాక నంబర్‌ని కింది గీత దాకా తగ్గించి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఏడాదికోసారి సరి చూయించాలి. మామూలు రకం ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే వస్తది. ఒక్కసారి హెడ్ మళ్ళీ విప్పితే పోయే డబ్బుల కంటే తక్కువే.

ఇప్పుడు ఎదురు వాదనలు. వాటిని తీసిపారేయడం కరెక్ట్ కాదు, వాటిలో నిజం ఉంది.

మొదటిది: "మా ఉస్తాద్ ముప్పై ఏండ్లు చేతితోనే బిగించిండు, ఒక్కటి కూడా ఊడలేదు." నిజమే కావచ్చు. పాత జీపులు, అంబాసిడర్ల ఇంజన్లు పోత ఇనుమువి, అవి కొంచెం ఎక్కువ తక్కువలని భరించేవి. ఇంకో సంగతి, పానా చేసినోళ్ళు కూడా తెలివైనోళ్ళే. 10 నంబర్ పానా పొట్టిగా, 19 నంబర్ పానా పొడుగ్గా ఉంటది, చిన్న బోల్టు మీద చేతి బలం ఎక్కువ పడకుండా. ఉస్తాద్ చెయ్యి, పానా పొడవు కలిసి ఒక మోటు టార్క్ రెంచి లాగా పనిచేసేవి. గొట్టం తొడిగిన రోజు ఆ లెక్క పోయింది. గాలి గన్ వచ్చాక ఇంకా పోయింది. ఇప్పటి ఇంజన్ల హెడ్లు అల్యూమినియం. స్టీలు బోల్టు కంటే అల్యూమినియం మెత్తన, వేడికి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తది. అది పాత ఇనుము లాగా క్షమించదు. అయినా ఊడినవన్నీ ఉస్తాద్ దగ్గరికే తిరిగి రావు కదా. కొన్ని వేరే షెడ్డుకి పోతాయి. ఆయన లెక్కలోకి రానివి ఆయనకి తెలియవు.

రెండోది, మా మెకానికల్ ఫ్రెండ్ చెప్పింది: "టార్క్ రెంచి కూడా పట్టుని నేరుగా కొలవదు." ఇది పూర్తిగా నిజం. మంచి రెంచి తన నంబర్‌లో 4 శాతం అటూ ఇటూ లోపలే ఉంటది. కానీ రాపిడి మారడం వల్ల అసలు పట్టులో పాతిక, ముప్పై శాతం తేడా రావచ్చు. అందుకే మరలు శుభ్రం చేయమంటారు, ఆయిల్ రాయాలా వద్దా అని మాన్యువల్‌లో విడిగా చెప్తారు, ముఖ్యమైన చోట డిగ్రీల లెక్కతో తిప్పమంటారు. నా జవాబు ఒకటే. 30 శాతం తేడా ఉన్న కొలత, అసలు కొలతే లేకపోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. మనం రాసే ప్రోగ్రామ్‌లో టెస్టులన్నీ పాస్ అయినా తప్పు ఉండొచ్చు. అందుకని టెస్టులు రాయడం మానేస్తామా?

మూడోది అన్నిటికంటే బరువైనది: "టైమ్ ఎవడు ఇస్తడు, పైసలు ఎవడు ఇస్తడు?" ఇక్కడ వేలు మన వైపే చూపిస్తది. గంటలో బండి కావాలంటాం, లేబర్‌లో రెండొందలు తగ్గించమంటాం, కింద కూర్చొని మరలు బ్రష్‌తో తుడుస్తుంటే "ఏందన్నా లేట్ చేస్తున్నవ్" అంటాం. కొత్త కారు కొన్నాక గుడి ముందు వాహన పూజకి, దండలకి, టైర్ల కింద నిమ్మకాయలకి ఖర్చు పెట్టేటప్పుడు ఎవ్వరం బేరం ఆడం. నేను పూజకి వ్యతిరేకం కాదు, మా నాన్న కారుకీ చేయించాం. పూజ చేసిన చక్రాలనే నెలకోసారి పంక్చర్ షాపులో గాలి గన్‌తో చావగొట్టిస్తాం, అదే నా బాధ. చక్రం నట్లు నక్షత్రం గీసినట్టు ఒకదాని ఎదురు ఒకటి బిగించాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. గన్‌తో బిగించిన నట్టు రాత్రి పదకొండింటికి దారి మధ్యలో పంక్చర్ అయితే కారులో ఇచ్చిన చిన్న రాడ్డుతో రాదు. అప్పుడు ఆ కారులో మన అమ్మనో, అరవై దాటిన తాతనో ఉంటే వాళ్ళేం చేస్తారు?

"చిన్న బోల్టుకి ఇంత కథా" అనుకునేవాళ్ళకి రెండు సంగతులు. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి మలగాకి బయల్దేరింది. 17,000 అడుగులు దాటాక కెప్టెన్ ముందున్న అద్దం మొత్తం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి పోయింది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకొని ఆపారు, కో పైలట్ విమానం దించాడు, అందరూ బతికారు. ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 బోల్టులు సన్నవి, తేడా ఎంతంటే ఒక మిల్లీమీటర్ కూడా లేదు, 0.66. మిగతా ఆరు పొట్టివి. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి కొత్తవి ఎంచుకున్నారు, పుస్తకంలో నంబర్ చూడలేదు. హద్దు పెట్టిన స్క్రూ డ్రైవర్‌తోనే బిగించారు కూడా. తప్పు బోల్టుని సరైన నంబర్‌కి బిగించినా లాభం లేదు.

రెండోది ఈ మధ్యే. 2024 జనవరి 5న అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మాక్స్ 9 విమానానికి తలుపు జాగాలో పెట్టిన మూత గాల్లో ఊడిపోయింది. 177 మంది ఉన్నారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. దర్యాప్తులో తేలిందేంటంటే, ఆ మూతని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు అసలు లేనేలేవు. ఫ్యాక్టరీలో ఆ మూత తెరిచారు, తెరిచినట్టు రాసిపెట్టిన కాగితం లేదు. రాసి ఉంటే తర్వాత వచ్చినోడు బోల్టులు వెతికేవాడు. మా మామ చెప్పిన టిక్కు విలువ ఇదే. అంత పెద్ద కంపెనీలకే రాత తప్పితే ప్రాణం మీదికి వచ్చింది, మన షెడ్డులో రాత అసలు మొదలే కాలేదు.

రాత అన్నాం కాబట్టి ఇక తెలుగుకి వస్తా.

మన ప్రాంతం గురించి సాహిత్య క్లబ్‌లో ఎప్పుడు మాట్లాడినా కురిక్యాల శాసనం పేరు వస్తది. గంగాధర దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద, పదో శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల ఆస్థాన కవి పంపని తమ్ముడు జినవల్లభుడు రాయి మీద చెక్కించిన శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో ఉంది, తెలుగులో కంద పద్యాలు ఉన్నాయి. మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ నాకు అందులో నచ్చేది పద్యాల కంటే ఆ నిర్ణయం. గుట్ట ఎక్కి వచ్చే మనుషులు ఏ భాషలో చదవగలరో ఆలోచించి, ఒక భాష చాలదని మూడు భాషల్లో చెక్కించాడు కదా. వెయ్యేండ్ల తర్వాత అదే నేల మీద, అందరం వాడే ఇంజన్‌కి సంబంధించిన ఒక పేజీ ఒకే భాషలో ఉంది. ఆ భాష వచ్చిన మనం దాన్ని పరీక్షకి వాడుకొని వదిలేస్తున్నాం.

తెలుగు భాషా దినోత్సవం నాడు మనం పోస్టులు పెడతాం. తెలుగు బతకాలంటే కవిత్వం రావాలి అంటాం. రావాలి. కానీ భాష పని దగ్గర కూడా బతకాలి. ఇంజన్ విప్పేటోడికి, మందు కొట్టేటోడికి, కరెంటు స్తంభం ఎక్కేటోడికి ప్రమాదం గురించి సొంత భాషలో ఒక కాగితం లేకపోతే, ఆ భాషకి ఎన్ని అవార్డులు వచ్చినా ఏం లాభం? నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు రాయడం ఈ క్లబ్‌లోకి వచ్చాకే గట్టిపడింది. అయినా రెండు భాషలూ చేతిలో ఉండటం ఒక అప్పు లాంటిదని నాకు అనిపిస్తది. ఎవరో ఒకరికి తీర్చాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వచ్చే సెమిస్టర్‌లో మన క్లబ్ ఒక టార్క్ కార్డు తయారు చేయాలి. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల షెడ్లకి ఎక్కువగా వచ్చే పది బండ్లు ముందు చాలు. ఒక్కో బండికి ఒక్క పేజీ. హెడ్ బోల్టులు, చక్రం నట్లు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, స్పార్క్ ప్లగ్గు. ఏ వరసలో బిగించాలో బొమ్మ, ఎన్ని దఫాలు, పొడిగానా ఆయిల్‌తోనా, బోల్టు మళ్ళీ వాడొచ్చా లేదా. ల్యామినేట్ చేసి షెడ్డు గోడకి కొడదాం.

కొన్ని షరతులు మాత్రం ఉండాలి. ప్రతి నంబర్ ఆ మోడల్, ఆ ఇంజన్, ఆ సంవత్సరం మాన్యువల్ నుంచే రావాలి, ఎక్కడో వీడియోలో విన్నది వద్దు. ఇద్దరు విడివిడిగా చదివి సరిచూడాలి, అందులో ఒకరు మెకానికల్ బ్రాంచి. దొరకని నంబర్ ఉంటే ఆ గడి ఖాళీగా వదలాలి, అంచనా రాయొద్దు. తప్పు నంబర్ గోడ మీద ఉంటే అది "గట్టిగ" కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని అందరూ నమ్ముతారు.

రాసే పని మాత్రం నిజంగా సాహిత్య క్లబ్ పనే. పుస్తకంలో టార్క్‌ని బల భ్రామకం అంటారు. ఆ మాట షెడ్డు గోడ మీద రాస్తే నవ్వుతారు, నవ్వడం న్యాయమే. "టార్క్" అనే రాద్దాం. "మరలు" అనాలా, "చూడీలు" అనాలా? గ్యాస్కెట్టా, ప్యాకింగా? "బిగించవలెను" అనాలా, "బిగించాలి" అనాలా? వేములవాడలో ఒక మాట, జగిత్యాలలో ఇంకో మాట ఉంటే ఏది పెట్టాలి? ఇవన్నీ కూర్చొని తేల్చాల్సిన భాష ప్రశ్నలే. తేల్చడానికి నిఘంటువు ఒక్కటే సరిపోదు, షెడ్డులో కూర్చొని చాయ్ తాగుతూ వినాలి. మన క్లబ్‌లో ఇంతకంటే మంచి అనువాద వర్క్‌షాప్ ఉండదని నా నమ్మకం. ఒక్క వాక్యం అస్పష్టంగా ఉన్నా ఎవరిదో ఇంజన్ పోతది, కాబట్టి ప్రతి మాట తూచి రాయడం అలవాటవుతది.

అప్పటిదాకా ఎవరి మట్టుకు వాళ్ళం చేయగలిగింది కూడా ఉంది. ఈసారి మీ బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు, దాని మాన్యువల్‌లో నంబర్ల పేజీ తీసి మెకానిక్ అన్నకి చదివి వినిపించండి. పరీక్ష పెట్టినట్టు వద్దు, పక్కన కూర్చొని చెప్పినట్టు. పని అయ్యాక ముఖ్యమైన బోల్టు తల నుంచి పక్కన ఇనుము మీదికి తెల్ల పెయింట్‌తో ఒక సన్న గీత గీయమనండి. బోల్టు తిరిగితే గీత విరిగి కనపడుతది, చూడటానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. ఆయన మరలు తుడుస్తుంటే తొందర పెట్టకండి. ఆ పదిహేను నిమిషాలకి లేబర్ అడిగితే బేరం ఆడకుండా ఇవ్వండి.

కార్డు పనికి పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ళు క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. మెకానికల్ వాళ్ళు కనీసం నలుగురు కావాలి, బొమ్మలు గీసేవాళ్ళు ఇద్దరు. షెడ్డు యాస బాగా తెలిసినోళ్ళు ఎంతమంది వచ్చినా సరే.